కొమురయ్య చూసిన అరుంధతి

దయ్యాన్ని చూశామని చెప్పేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో ఒక్కరి దగ్గర కూడా పనికొచ్చే వివరం నేను వినలేదు. ఎంత దూరంలో కనబడింది, వెలుతురు ఎటునుంచి వస్తోంది, అప్పుడు కళ్లద్దాలు పెట్టుకున్నారా లేదా అని అడిగితే మొహం మాడ్చుకుంటారు. గోదావరిఖనిలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఇలాంటి కథలకు నాకు కొదవ లేదు. మూసేసిన గనిలో ఎవరో కప్పు కింద కర్ర దిమ్మె కొడుతున్న చప్పుడు, మూడో షిఫ్టు దిగి వస్తుంటే వెనకే నడిచొచ్చిన మనిషి, అన్నీ విన్నాను. వాటిని విన్నప్పుడు నాకు భయమూ రాదు, కోపమూ రాదు. ఆవలింత వస్తుంది.

ఇప్పుడు రాస్తున్నది దయ్యం కథ కాదు. నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక పాడు పని కూడా ఉంది. దాన్నీ దాచడం లేదు.

నేను బొగ్గు గనుల కంపెనీ ఆసుపత్రిలో కళ్లు పరీక్ష చేస్తాను. డాక్టరును కాదు. డాక్టరు గదిలోకి పంపే ముందు కార్మికుణ్ణి ఆరు మీటర్ల దూరంలో కూర్చోబెట్టి, గోడ మీది చార్టు చదివించి, ఏ కంటికి ఎంత చూపు ఉందో కాగితం మీద రాస్తాను. ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలో చేరి. మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇక్కడి వాళ్లు నన్ను మేడమ్ అంటారు, నేను వాళ్లను పేరు పెట్టి పిలుస్తాను. నాన్నగారి వయసు వాళ్లను కూడా. అది నాకెప్పుడూ వింతగా అనిపించలేదు.

నా గదిలోకి వచ్చేవాళ్లలో చాలామంది అబద్ధం చెప్పడానికే వస్తారు. కారణం ఇక్కడ అందరికీ తెలిసిందే. గని పనికి చూపు చాలదని మెడికల్ బోర్డు తేల్చి ఒక కార్మికుణ్ణి అన్‌ఫిట్ చేస్తే, అతని పిల్లల్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. కాకపోతే అతని సర్వీసు ఇంకా రెండేళ్లకు పైగా మిగిలి ఉండాలి. అందుకని యాభై ఐదు దాటగానే మనుషులకు హఠాత్తుగా కళ్లు కనబడటం మానేస్తాయి. ఉదయం సైకిల్ మీద లారీల మధ్య నుంచి వచ్చినవాడు నా గదిలో కుర్చీ కోసం తడుముకుంటాడు.

వాళ్లను పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. ఆరు మీటర్ల దగ్గర పై వరస మాత్రమే చదివినవాణ్ణి మూడు మీటర్లకు జరిపితే ఇంకా చిన్న వరసలు కనబడాలి. నటించేవాడు అక్కడ కూడా పై వరసే అంటాడు. ఏ పవరూ లేని అద్దం పెట్టి, ఇది చాలా గట్టి పవరు అని చెబితే, కొందరు గడగడా చదివేస్తారు. అలా దొరికిపోయినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. నాకు ఆ పనిలో ఉన్న ఆనందం అదొక్కటే అని ఒప్పుకుంటాను.

ఇక రెండో సంగతి. నాకు ఆకాశం చూసే పిచ్చి ఉంది. ఒక బైనాక్యులర్, బల్ల మీద పెట్టుకునే ఐదంగుళాల అద్దపు టెలిస్కోపు ఉన్నాయి. ఈ ఊళ్లో ఆకాశం చూడటమంటే నవ్వుతారు. ఒక పక్క థర్మల్ కరెంటు స్టేషను వెలుగు, ఒక పక్క ఓపెన్‌కాస్టు గని లైట్లు, వీటన్నిటి మీద బొగ్గు దుమ్ము. కానీ మా క్వార్టర్ ఊరి చివర ఉంది. ఉత్తరాన గోదావరి. అటువైపు ఆకాశం మాత్రం కాస్త నల్లగా ఉంటుంది. ఉగాది వెళ్లిన దగ్గర్నుంచి మబ్బులు పట్టేవరకు నాకు అదే పండుగ.

ఆ రోజుల్లో చీకటి పడగానే మృగశిర పడమటికి వాలిపోతూ ఉంటుంది. నడినెత్తి దగ్గర కర్కాటకంలో పుష్యమి గుంపు. వట్టి కంటికి మసక మరక, బైనాక్యులర్‌లో చూస్తే చిటికెడు పంచదార ఒలికినట్టు ఉంటుంది. దానికి తూర్పున సింహరాశి, కొడవలి లాంటి తల, ఆ పిడి కింద మఖ. తూర్పున స్వాతి ఎర్రగా లేస్తుంది, ఆ తర్వాత చిత్త. ఈశాన్యంలో సప్తర్షులు తోక మీద నిలబడ్డట్టు పైకి వస్తారు. ఆ తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు. దాన్ని అంటిపెట్టుకుని మినుకుమనేది అరుంధతి.

అరుంధతి పేరు చెబితేనే నాకు ఒళ్లు మండుతుంది. పట్టపగలు పదకొండున్నర ముహూర్తానికి, నిప్పులు చెరిగే ఎండలో, షామియానా అంచు కిందికి పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ లాక్కొచ్చి, పంతులు ఆకాశంలోకి వేలు చూపిస్తాడు. కనబడిందా అంటాడు. కనబడింది అంటారు. వెనకాల నిలబడ్డ డిగ్రీలు చదివిన చుట్టాలు కూడా తలలు ఊపుతారు. నా పెళ్లిలో నేను కనబడటం లేదన్నాను. మా అత్తగారు చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఒక జాతి మొత్తం జీవితం మొదలుపెట్టేది అబద్ధంతో అని నేను ఎందరితోనో అన్నాను.

ప్రతి వేసవిలో శనివారాల్లో మా మేడ మీద కాలనీ వాళ్లకు ఆకాశం చూపించేదాన్ని. దయతో చేసే పని కాదు. నాకు అక్కడ ఒక సరదా ఉండేది. ఎవరైనా మరీ గొప్పలు పోయేవాళ్లు వస్తే, టెలిస్కోపు ముందు మూత తీయకుండానే వాళ్లను కంటి దగ్గర కూర్చోబెట్టేదాన్ని. చీకట్లో నల్ల గొట్టానికి నల్ల మూత, ఎవరికీ తెలియదు. దాంట్లో కటిక చీకటి తప్ప ఏమీ ఉండదు. ఏం కనబడుతోందండీ అని అడిగేదాన్ని. వాళ్లు ఏం చూశారో వినడం నాకు సినిమా కంటే బాగుండేది.

ఆ శనివారం ఒక పెద్ద ఆఫీసరు భార్య వచ్చింది. చేతిలో ఫోను, నోట్లో ఇంగ్లిషు. శనిగ్రహం వలయం చూస్తారా అని అడిగాను. ఆ రోజుల్లో శని తెల్లవారుజామున గాని లేవడు. ఆమె మూత వేసిన టెలిస్కోపులో కన్ను పెట్టి, అబ్బ, ఎంత ముద్దుగా ఉందో అంది. మరిదిని పిలిచి చూడమంది. అతనూ చూశాడు. వలయం కొంచెం ఒంకరగా ఉందన్నాడు. ఇద్దరూ ఎనిమిది కొట్టేలోగా కారెక్కి వెళ్లిపోయారు. నేను ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను.

వాళ్ల కారు వెళ్లేదాకా గేటు బయట కొమురయ్య కుటుంబం నిలబడి ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆఫీసర్లు ఉన్నారని లోపలికి రాలేదట.

కొమురయ్య గనిలో టింబర్‌మన్. అంటే పైకప్పు కూలకుండా దిమ్మెలూ తడికెలూ నిలబెట్టే పని. అంతకు నాలుగు రోజుల ముందే మెడికల్ బోర్డు పరీక్షల కోసం నా గదికి వచ్చాడు. చార్టులో పై అక్షరం కూడా కనబడటం లేదన్నాడు. మూడు మీటర్లకు జరిపినా అదే మాట. కంటిపాప మీద టార్చి వేస్తే చక్కగా ముడుచుకుంది. కంట్లో పొర లేదు, మచ్చ లేదు. ఇంతకంటే అచ్చమైన నటుణ్ణి నేను చూడలేదనుకున్నాను. సర్వీసు ఎంత మిగిలిందో ఫైలులో చూశాను. రెండేళ్ల మీద కొద్ది నెలలు. ఇక చెప్పేదేముంది. రిపోర్టు సోమవారం రాస్తానని పక్కన పెట్టాను.

ఆయన కూతురు రజిత, డిగ్రీ చదివి జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. ప్రతి ఏడూ నేను పంచే ఆకాశం పటం అచ్చు తీసేది ఆ అమ్మాయే. ఆ వారం పటాలు తీసుకోవడానికి వెళ్తే, "మేడమ్, మేము గుడ రావచ్చునా? మా అవ్వకు చుక్కలు చూడాలని శాన ఉన్నది" అని అడిగింది. అమ్మతో పాటు మీ నాన్నను కూడా తీసుకురా అన్నాను. నా మనసులో ఏముందో ఆ అమ్మాయికి తెలియదు.

చీకటి చెడిపోతుందని మేడ మెట్ల దగ్గర బల్బు తీసేసి ఉంచుతాను. మొదటిసారి వచ్చేవాళ్లందరూ అక్కడ తట్టుకుంటారు. ఆఫీసరు భార్య మరిది మోకాలు కొట్టుకున్నాడు. కొమురయ్య మాత్రం తడబడకుండా ఎక్కాడు. పైన నీళ్ల పైపు అడ్డంగా ఉంటుంది, దాన్నీ దాటాడు. రజితా, తల్లి పోశవ్వా ఆయన వెనక ఫోను లైటు వేసుకుని వచ్చారు. నేను ఎర్ర టార్చి పట్టుకుని అదంతా గమనిస్తూ నిలబడ్డాను. గుడ్డివాడు ఇలా నడుస్తాడా అని.

ముందు సప్తర్షులను చూపించాను. తోకలో నడిమి చుక్క పక్కన ఇంకోటి కనబడుతోందా, అదే అరుంధతి, పూర్వం సైనికుల చూపు పరీక్షకు కూడా ఇలాంటి చుక్కనే చూపించేవారట అన్నాను. ఆపైన నేను ప్రతి శనివారం వేసే జోకు కూడా వేశాను. అరుంధతి కనబడనివాళ్లకు ఆరు నెలలే ఆయుష్షు అంటారు, జాగ్రత్తగా చూసి చెప్పండి అని. కాలనీ వాళ్లు దీనికి నవ్వుతారు. వీళ్లు నవ్వలేదు.

రజిత కనబడిందంది. పోశవ్వ కాసేపు వెతికి, "ఉన్నది, కింద ఏలాడ్తంది" అంది. నిజమే, ఆ వేళకు అరుంధతి వశిష్ఠుడికి సరిగ్గా కిందనే ఉంటుంది. ఆ తర్వాత పోశవ్వ భర్త మోచేయి పట్టుకుంది.

"మంచిగ చూడుండ్రి" అంది.

కొమురయ్య తల ఎత్తి నిలబడ్డాడు. పోశవ్వ చెయ్యి వదల్లేదు.

"కనబడ్డది" అన్నాడు.

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. చార్టు మీద చేటంత అక్షరం కనబడనివాడికి అరుంధతి కనబడింది. అయినా నేను ఆషామాషీగా నిర్ణయం చేసే మనిషిని కాను. టెలిస్కోపును అటు తిప్పి, గొట్టం పైన గురి చూసుకోవడానికి వెలిగే ఎర్ర దీపపు చుక్కతో గురి పెట్టాను. మెడ నొప్పి వల్ల కన్ను పెట్టి సరి చూసుకోలేదు. గురి తప్పే అలవాటు నాకు లేదు. ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, దీంట్లో చూసి ఏముందో చెప్పు కొమురయ్యా అన్నాను. పెన్నూ, ఆకాశంలో చూసినవి రాసుకునే లాగ్‌బుక్కూ చేతిలోకి తీసుకున్నాను.

ఆయన కన్ను ఆనించాడు. ఒక నిమిషం పైనే అయింది.

"పెద్దది ఒక్కటి గాదు మేడమ్. రెండున్నయి, అంటుకోని ఉన్నయి" అన్నాడు. "ఇంకోటి దూరంగ, మీదికి ఉన్నది. నడుమల సన్నది ఒకటి, ఉన్నదా లేదా అన్నట్టు."

ఆ మాటలు ఆయన అన్నట్టే రాసుకున్నాను. పక్కన టైము వేశాను, ఎనిమిది ఇరవై. ఆ పేజీ ఇప్పుడు కూడా నా ముందే ఉంది.

ఆకాశం చూసే అలవాటు లేనివాళ్ల కోసం చెబుతాను. వశిష్ఠుడు వట్టి కంటికి ఒకే చుక్క. టెలిస్కోపులో రెండుగా విడిపోతుంది. అరుంధతి వాటికి దూరంగా ఉంటుంది. మధ్యలో ఇంకొక బాగా మసక చుక్క ఉంది, అది టెలిస్కోపుకు గాని చిక్కదు. పైగా నా టెలిస్కోపు బొమ్మను తలకిందులు చేస్తుంది. ఆకాశంలో కింద వేలాడేది దాంట్లో పైకి వెళ్తుంది. కొమురయ్య చెప్పిన నాలుగు ముక్కల్లో ఒక్కటి కూడా తప్పు లేదు.

"అయ్యి జరుగుతున్నయి మేడమ్" అన్నాడు మళ్లీ. "మెల్లగ ఒక పక్కకు పోతున్నయి."

అదీ నిజమే. నా టెలిస్కోపుకు మోటారు లేదు. భూమి తిరుగుతుంటే చుక్కలు మెల్లగా పక్కకు జరిగి అద్దం దాటిపోతాయి. మొదటిసారి చూసేవాళ్లు తప్పకుండా అనే మాట అది. ఇంకో రెండు నిమిషాలకు, "పోయినయి" అన్నాడు. కన్ను తీయలేదు. "మల్ల తెస్తరా?"

తిప్పి గురి పెట్టడానికి నాకు అర నిమిషం చాలు. కానీ నాకు కావలసింది దొరికింది. టైమైపోయింది, ఇంకోసారి చూద్దాంలే అన్నాను. ఆయన లేచి దండం పెట్టాడు. పోశవ్వ దిగుతున్నప్పుడు ఆయన చెయ్యి వదిలేసి నడిచింది. నవ్వుతోంది కూడా.

వాళ్లు వెళ్లాక సామాను సర్దుతూ మూత కోసం జేబులో చెయ్యి పెట్టాను. చూస్తున్నంతసేపూ మూత ఎప్పుడూ నా కుడి జేబులో ఉంటుంది. లేదు. ఎడమ జేబులో లేదు. కింద పడిందేమోనని ఎర్ర టార్చితో మేడంతా వెతికాను. బొగ్గు దుమ్ము అద్దం మీద పడితే కడగడం పెద్ద తంటా, అందుకే మూత విషయంలో నేను చాలా జాగ్రత్త. చివరికి గుడ్డ ఏదైనా కప్పుదామని గొట్టం ముందుకి వెళ్లి చెయ్యి పెడితే చేతికి మూత తగిలింది.

ఆఫీసరు భార్య కోసం పెట్టిన మూత. దాన్ని నేను తీయనే లేదు.

నేను చేసిన మొదటి పని నవ్వడం. వీడు ఆవిణ్ణి మించిపోయాడు అనుకున్నాను. ఆ తర్వాత ఆమె చెప్పిన వలయం గుర్తొచ్చింది. ఆమెకు వలయం సంగతి పుస్తకాల్లో తెలుసు. కొమురయ్యకు చదువు రాదు. నడిమి సన్న చుక్క గురించి నేను ఈ ఊళ్లో ఒక్కరికి కూడా చెప్పి ఉండలేదు. లోపలికి వెళ్లి అచ్చు తీయించిన పటం తీసి చూశాను. అరుంధతి వశిష్ఠులు, మీ కళ్లకు పరీక్ష అని మాత్రమే ఉంది. తలకిందుల సంగతి లేదు. జరిగిపోయే సంగతి లేదు.

మర్నాడు మూత వేసి, పగలు ఆకాశం వైపు తిప్పి కన్ను పెట్టాను. ఎక్కడా చిల్లు లేదు, సందు లేదు. చీకటే.

ఇప్పుడు ఆ పాడు పని. సోమవారం ఉదయం నేను రిపోర్టు రాశాను. నటన అని అనుమానం, చీకట్లో మెట్లు తడుముకోకుండా ఎక్కగలడు, సూక్ష్మమైన వాటిని గుర్తించగలడు, ఇది స్వయంగా గమనించాను అని. మెట్ల ముక్క నిజం. రెండో ముక్క రాస్తున్నప్పుడు ఆ టెలిస్కోపుకు మూత ఉందని నాకు తెలుసు. మూత ఉన్న గొట్టంలోంచి ఎవరూ ఏదీ గుర్తించలేరని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ ఊళ్లో లేరు. అయినా రాశాను. కనబడనిదాన్ని కనబడిందన్నవాడు, కనబడేదాన్ని కనబడలేదనడా అని నాకు నేను చెప్పుకున్నాను. అది తర్కం కాదని అప్పుడు కూడా తెలుసు. ఆయన అబద్ధాలకోరు కాకపోతే ఆ రాత్రి ఏం జరిగిందో నేను ఆలోచించాల్సి వచ్చేది. ఆ కష్టం నాకు ఇష్టం లేకపోయింది.

నా రాతకు మా ఆసుపత్రిలో విలువ ఉంది. నేను అనుమానం అన్నవాణ్ణి మరోసారి చూసే తీరిక ఎవరికీ ఉండదు. కొమురయ్యను ఫిట్ చేసి పనిలోకి పంపారు. జతగాళ్లు ఆయన్ను మధ్యలో పెట్టుకుని, భుజం మీద చెయ్యి వేయించుకుని కిందికి తీసుకెళ్లేవారట. కిందికి వెళ్లాక ఇబ్బంది లేదట. ముప్పై ఏళ్లు చేతి కర్రతో కప్పును తట్టి, చప్పుడు విని, గట్టిదా గుల్లదా చెప్పిన మనిషి. ఆ చీకట్లో ఆయనకు కళ్లతో పెద్ద పని లేదు. చీకటి మెట్లు ఎక్కడం ఆయనకు రోజూ చేసే పని అని నాకు ఆ రాత్రి తోచలేదు.

మళ్లీ బోర్డు ముందుకు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈసారి హైదరాబాదు పంపారు. అక్కడ తలకు స్కానింగు తీశారు. కళ్లు బాగానే ఉన్నాయట. తల వెనక, చూపును పట్టే చోట, రెండు పక్కలా రక్తం అందక ఎండిపోయిందట. నా గదికి రావడానికి కొన్ని నెలల ముందు ఒకనాడు డ్యూటీలో తలనొప్పితో పడిపోయాడట, అప్పటి సంగతి. కంటిపాప ముడుచుకోవడానికి ఆ చోటుతో పని లేదు. అందుకే నా టార్చికి అంతా సవ్యంగా కనబడింది. ఆ రిపోర్టు మా గదికి వచ్చినప్పుడు మూడుసార్లు చదివాను.

మా డాక్టరుగారు ఒక మాట చెప్పారు. ఇలాంటి వాళ్లలో కొందరు ఎదుట ఏముందో తెలియకుండానే అడ్డం తప్పుకుని నడుస్తారట. కళ్లు పట్టుకున్న వెలుతురు ఇంకో దారిన ఎక్కడికో చేరుతుందట. నీళ్ల పైపు సంగతి దీనితో సరిపోయింది. నేను చాలా సంతోషించాను. కానీ దానికి కూడా వెలుతురు కావాలి. మూత లోపల వెలుతురు లేదు.

కొమురయ్యను అన్‌ఫిట్ చేశారు. అప్పటికి ఆయన సర్వీసు రెండేళ్ల లోపుకు దిగింది. రజితకు ఉద్యోగం రాలేదు. ఎనిమిది నెలలు ముందు అయి ఉంటే వచ్చేది. ఆ ఎనిమిది నెలలు తిన్నది నా చేతి రాత.

నేను వాళ్ల ఇంటికి వెళ్లలేదు. ఆ ఏడు మూత వేసి మనుషులను ఆటపట్టించే సరదా మానేశాను. ఒక్కదాన్నే మేడెక్కి, వశిష్ఠుడి మీద గురి పెట్టి, మూత వేసి, కన్ను ఆనించి పది నిమిషాలు కూర్చున్న రోజులు ఉన్నాయి. ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో నాకు తెలుసు. నేనే అయితే ఏమనేదాన్నో ఇంకా బాగా తెలుసు. నాకు చీకటి తప్ప ఏమీ కనబడలేదు.

మొన్న ఈ ఏటి పటం అచ్చు తీయించడానికి జిరాక్స్ షాపుకి వెళ్లాను. ఇంకో షాపుకి వెళ్లొచ్చు, కానీ అది మరీ పిరికితనం అనిపించింది. రజిత కాగితాలు లెక్క పెట్టి కవర్లో పెట్టింది. డబ్బులు తీసుకుంది. ఆ తర్వాత కొంచెం మొహమాటంగా అడిగింది.

"మేడమ్, ఈ ఏడు గుడ చుక్కలు చూపిస్తరా? మా నాయిన అడుగుతండు."

"ఆయనకు..." అని ఆగిపోయాను.

"కనబడది మేడమ్, నాకు ఎరుకే. వాకిట్ల నేను నిలబడ్డా గుర్తుపట్టడు. ఆ రోజు ఉత్త కండ్లతోని చూసినప్పుడు గుడ ఆయనకు ఏం కనబడలేదట. ఆరు నెలలని మీరు అన్నరు గదా, మా అవ్వ బుగులుపడ్తదని కనబడ్డదన్నడట. కాని మీ దాంట్ల మాత్రం నిజంగ కనబడ్డయి అంటడు. నాలుగు చుక్కలు. రెండేండ్లల్ల నేను చూసింది గవే బిడ్డా, అవి జరుక్కుంట పోయినయి అని రోజు చెప్తడు. మల్లొకసారి పెట్టమని అడుగు అంటడు."

నేను ఏం మాట్లాడానో సరిగా గుర్తు లేదు. శనివారం ఏడున్నరకు రమ్మన్నాను. మెట్ల దగ్గర బల్బు పెడతానని కూడా అన్నట్టున్నాను. ఆయనకు దానితో పని లేదని రోడ్డు మీదికి వచ్చాక గుర్తొచ్చింది.

ఫైలులో ఏం రాశానో రజితకు చెప్పలేదు. శనివారం చెప్పాలి. చెప్పాక ఆ అమ్మాయి తండ్రిని తీసుకుని వెనక్కి వెళ్లిపోతే అది న్యాయమే. ఉండిపోతే మాత్రం ఆయన్ను ఆ స్టూలు మీద కూర్చోబెట్టాలి. ఎనిమిది ఇరవైకి అరుంధతి ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. గురి పెట్టడమూ వచ్చు. మూత తీసి జేబులో వేసుకోవాలో, ఆ రోజులాగే ఉంచేయాలో నాకు తెలియడం లేదు.